చక్రం కింద నిమ్మకాయ, గేరుబాక్సులో నమ్మకం

2018లో రిటైరైన డబ్బుతో కారు కొని ఇంటి ముందు నిలబెట్టిన రోజున మా బావమరిది నాలుగు నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. "బావగారూ, మీ హేతువాదం మీదే. అక్క కోసమన్నా ఒక్కసారి చక్రాల కింద పెట్టి తొక్కించండి" అన్నాడు. నేను తొక్కించలేదు. ఆ కాయలతో మా ఆవిడ పులిహోర కలిపింది. అందరం తిన్నాం, మా బావమరిదితో సహా.

రెండేళ్లు తిరక్కుండానే కారు వణకడం మొదలుపెట్టింది. మా బావమరిది ఒకటే మాట: "ఆ రోజే చెప్పాను." ఈ వాదన మనకు కొత్త కాదు. నాకు కొత్తగా తోచింది సర్వీసు సెంటరువాళ్ల వాదన. మెడలో టై, చేతిలో టాబ్లెట్, గోడ మీద ఐఎస్ఓ సర్టిఫికెట్టు పెట్టుకుని వాళ్లు చెప్పింది విన్నాక నాకు మా బావమరిదే నయమనిపించింది. అందుకే ఈ వ్యాసం.

నేను ఇంజనీరును కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏడేళ్లు బిల్లులు తనిఖీ చేసినవాణ్ణి. మోకాళ్లు అరిగాయి కాబట్టి క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ కారు కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నా గొడవ ఒక్క కంపెనీతో కాదు, ఒక రకం వాదనతో.

ముందు ఈ ఆటోమేటిక్ గేర్ల సంగతి కాస్త తెలుసుకోవాలి. మన దేశంలో చవక కార్లకు ఆటోమేటిక్ గేర్లు బాగా వ్యాపించింది 2014లో మారుతి సెలెరియోతో. అందులో ఉన్నది మామూలు గేరుబాక్సే. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. ఒక్కటే క్లచ్ కాబట్టి గేరు మారే ప్రతిసారీ లాగుడు ఒక క్షణం ఆగుతుంది, కూర్చున్నవాళ్ల తల ముందుకు ఊగుతుంది. చిరాకే గాని మోసం కాదు. టెస్ట్ డ్రైవులోనే తెలిసిపోతుంది, ధర కూడా తక్కువ.

రెండో రకం సీవీటీ. రెండు పుల్లీల మధ్య బెల్టు. గట్టిగా తొక్కితే ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం తీరిగ్గా వేగం అందుకుంటుంది. మూడోది టార్క్ కన్వర్టరు, పాత పద్ధతి. మధ్యలో నూనె ఉంటుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఎంత పాకించినా ఓర్చుకుంటుంది. నాలుగోది రెండు క్లచ్‌ల పద్ధతి. ఒక క్లచ్ బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. గేరు మారినట్టే తెలియదు, వెన్నలా పోతుంది. ఇందులోనూ రెండు జాతులు. నూనెలో మునిగి చల్లబడే తడి క్లచ్‌లు ఒకటి, గాలికి చల్లారాల్సిన పొడి క్లచ్‌లు మరొకటి. పొడి క్లచ్ బండిని గంటసేపు అంగుళం అంగుళం జరిపితే క్లచ్ ఒరుసుకుంటూ వేడెక్కుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు, రెండు అరచేతులు రుద్దుకుంటే తెలుస్తుంది.

నేను కొన్నది ఈ పొడి జాతి. నడిపే దారి ప్యారడైజ్ నుంచి బేగంపేట మీదుగా పంజాగుట్ట. ఆ దారి తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

మొదట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, ఫస్టు గేరులో, చలిజ్వరం వచ్చినవాడిలా వణికేది. తర్వాత రివర్సులో. ఒకరోజు యూటర్న్ మధ్యలో లాగుడు పూర్తిగా పోయింది. ఇంజను తిరుగుతోంది, బండి కదలదు. ఎదురుగా నీళ్ల ట్యాంకరు. మా ఆవిడ "ఏమండీ, ఏమండీ" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ట్యాంకరు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ తర్వాత ఆవిడ ముందు సీట్లో కూర్చోవడం మానేసింది. కొన్నాళ్లకు ఆ కారెక్కడమే మానేసింది.

సర్వీసు సెంటరువాళ్లు చెప్పిన మొదటి సమాధానం: "సార్, ఇది మీ డ్రైవింగ్ స్టైల్ వల్ల." రెండోసారి: "సార్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, ఒక వెయ్యి కిలోమీటర్లు నడపండి, మీ అలవాటు నేర్చుకుంటుంది." మూడోసారి: "ఈ మోడల్‌కి ఇది నార్మల్ సార్. క్యారెక్టరిస్టిక్."

మిత్రులారా, ఈ మూడింటినీ ఒకసారి బాబాల భాషలోకి మార్చి చూడండి. నీ భక్తిలో లోపం ఉంది. మండలం రోజులు ఓపిక పట్టు. ఇదంతా స్వామి లీల. తేడా ఏమన్నా కనిపిస్తోందా? బండి బాగా నడిస్తే అది కంపెనీ గొప్ప. చెడితే భక్తుడి లోపం. ఏం జరిగినా కంపెనీ తప్పని తేలే వీలే లేదు. ఏ రుజువూ ఎన్నటికీ కాదనలేని మాటను మనం ఏమంటామో ఈ వ్యాసం చదివేవారికి నేను చెప్పక్కర్లేదు.

నాకు తెలిసిన పని తనిఖీ. ఒక నోటు పుస్తకం కొని గళ్లు గీశాను. తేదీ, టైము, ఎండ ఎంత, ట్రాఫిక్‌లో ఎన్ని నిమిషాలు, ఏ గేరు, వణికిందా లేదా. వణకని రోజులు కూడా రాశాను. అవి రాయకపోతే లెక్క లెక్క కాదు. జాతకాలవాళ్లు చేసేది అదే కదా, తగిలినవి చెబుతారు, తప్పినవి మింగేస్తారు. నాలుగు నెలల్లో 58 ప్రయాణాలు. 21సార్లు వణికింది. అందులో 19 సార్లు, ఇరవై నిమిషాలకు పైగా ఆగుతూ సాగుతూ నడిచిన తర్వాతే. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఒక్కసారీ వణకలేదు. అదే నేను, అదే కాలు, అదే స్టైలు!

తర్వాత ఇంకో పరీక్ష. మా వీధిలో పాతికేళ్లుగా ట్యాక్సీ నడిపే ఆయన్ని అడిగి, అదే దారిలో, అదే వేళకు ఆయన చేత నడిపించాను. వణికింది. చివరికి సర్వీసు సెంటరు సూపర్‌వైజరునే కూర్చోబెట్టి బేగంపేట తీసుకెళ్లాను. ఆయన నడుపుతుంటే ఇంకా బాగా వణికింది. "సార్, ఇది అన్ని బండ్లలోనూ ఉంటుంది" అన్నాడు. "నాన్నా, అన్ని బండ్లలోనూ ఉంటే నా స్టైలు కాదు. నా స్టైలైతే అన్ని బండ్లలోనూ ఉండకూడదు. ఒకే వోచరును రెండు పద్దుల కింద పాస్ చేయడం కుదరదు. ఏదో ఒకటి రాసివ్వు" అన్నాను. రాయలేదు. జాబ్ కార్డులో "నార్మల్" అని కొట్టి ఇచ్చాడు.

అలాంటి జాబ్ కార్డులు ఆరు జమయ్యాయి. ఆరోది వారంటీ ముగియడానికి 19 రోజుల ముందుది. అందులోనూ నార్మలే. వారంటీ పోయిన రెండు నెలలకు బండి కదలక టోయింగ్ చేయించాను. అప్పుడు అదే సెంటరు రాసింది: "క్లచ్‌లు కాలిపోయాయి, మార్చాలి. 1,86,000 రూపాయలు." ఆరుసార్లు ఆరోగ్యంగా ఉన్న క్లచ్, వారంటీ చచ్చిన ఎనిమిది వారాలకు చచ్చింది! విభూతి రాల్చే చేతుల్లో కూడా ఇంత గొప్ప మహిమను నేను చూడలేదు.

నాది ఒక్కడి అనుభవం. ఒక్క అనుభవం రుజువు కాదు, మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను. అందుకే బయటి లెక్కలు చూద్దాం.

ఫోర్డ్ కంపెనీ పవర్‌షిఫ్ట్ అనే రెండు క్లచ్‌ల గేరుబాక్సును ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో పెట్టి ఆస్ట్రేలియాలో అమ్మింది. బండ్లు వణుకుతున్నాయని జనం మొత్తుకున్నారు. కంపెనీ ఏమంది? మీరు నడిపే తీరు వల్ల అంది. తమ బండ్లలో లోపాలున్నాయని తెలిసి కూడా అలా చెప్పిందని తేలింది. బండి మార్చమన్నవారిని చాలాసార్లు పైడబ్బు కట్టమంది. అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకెళ్లింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అంటే "డ్రైవింగ్ స్టైల్" అన్న మంత్రం విలువ ఒక దేశంలో లెక్కకట్టబడింది.

ఇంకోటి. ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల పొడి క్లచ్ బాక్సు మీద చైనాలో ఫిర్యాదులు వెల్లువెత్తితే 2012లో వారంటీని పదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పెంచారు. 2013 మార్చి 15న అక్కడి ప్రభుత్వ టీవీ ఆ సంగతి దేశమంతా చూపించింది. వెంటనే 3,84,181 కార్లను వెనక్కి పిలిచారు. ఆ నవంబరులో ప్రపంచమంతటా సుమారు 16 లక్షల బండ్లలో గేరుబాక్సు నూనె మారుస్తామన్నారు. ఉక్కపోత దేశాల్లో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో, సింథటిక్ నూనె వల్ల లోపలి విద్యుత్ భాగాలు చెడే ప్రమాదం ఉందట. అన్ని లక్షల డ్రైవర్లకూ ఒకేసారి స్టైలు చెడిందని అక్కడెవరూ అనలేకపోయారు.

ఇంకో నమ్మకం కూడా ఉంది: "జీవితకాలపు నూనె". గేరుబాక్సు నూనె ఎప్పటికీ మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. కానీ గేరుబాక్సులు తయారుచేసే జర్మన్ సంస్థ జడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్ బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు నూనె మార్చమంటోంది. మరి జీవితకాలం అంటే ఎవరి జీవితం? బండిదా, వారంటీదా?

ఇప్పుడు నిమ్మకాయ దగ్గరికి వద్దాం. అమెరికావాళ్లు ఎంత బాగుచేసినా బాగుపడని కారును వాడుకలో నిమ్మకాయ అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం నిమ్మకాయ చట్టం చేసింది. తగినన్నిసార్లు అవకాశం ఇచ్చినా లోపం పోకపోతే కంపెనీ కారు మార్చాలి, లేదా డబ్బు వాపసివ్వాలి. మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. వాళ్లు నిమ్మకాయతో చట్టం చేసుకున్నారు. మనం చక్రం కింద పెట్టి తొక్కిస్తున్నాం.

మనకు అలాంటి చట్టం లేదు. 2006లో క్లచ్ లోపం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు ప్రకారం పాడైన భాగం మార్చడం వరకే కంపెనీ బాధ్యత, కారంతా మార్చమనడం కుదరదని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి లోపానికి బాధ్యత మీద ఒక అధ్యాయం ఉంది, సంతోషం. వస్తువును పరీక్షకు పంపే వీలూ ఉంది. కానీ పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారు చేత కట్టించవచ్చు. క్లచ్ లోపల ఏముందో నేను రుజువు చేయాలి. బండి విప్పేది, కంప్యూటరు పెట్టి చదివేది, ఆ చదివింది దాచుకునేది మాత్రం కంపెనీ. లెక్కల పుస్తకాలు ముద్దాయి దగ్గరే పెట్టి, తప్పు నువ్వు చూపించు అంటే ఏ ఆడిటరు చూపించగలడు?

నా కేసు ఇంకా నడుస్తోంది. మధ్యలో "గుడ్‌విల్" కింద సగం భరిస్తామన్నారు, ఇక ఎక్కడా ఫిర్యాదు చేయనని సంతకం పెట్టమన్నారు. బీకాంలో నేను చదివిన గుడ్‌విల్ అంటే వ్యాపారం సంపాదించుకున్న మంచిపేరు, ఆస్తి పట్టీలో చూపేది. నోరు మూయించడానికి పడేసే భిక్ష కాదు. సంతకం పెట్టలేదు.

చివరగా ఒక ఒప్పుకోలు. ఈ కారు కొనేటప్పుడు నేను టెస్ట్ డ్రైవు చేసింది పది నిమిషాలు, ఆదివారం పొద్దున, ఖాళీ రోడ్డు మీద. క్లచ్ తడిదో పొడిదో అడగలేదు. బ్రోచరులో విదేశీ పేరు చూశాను, "అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ" అన్న మాట చూశాను, చెక్కు రాసిచ్చాను. నాలుగు నిమ్మకాయలను తిరస్కరించిన హేతువాది ఎనిమిది పేజీల రంగుల కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. మా బావమరిది నమ్మకం ఖరీదు నలభై రూపాయలు. నా నమ్మకం ఖరీదు పైన రాశాను.

కాబట్టి ఆటోమేటిక్ కొనేవారికి నా విన్నపం. మీరు రోజూ ఇరుక్కునే దారిలో, మీరు ఇరుక్కునే వేళకు గంటసేపు నడిపిస్తేనే కొంటానని చెప్పండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఫిర్యాదు నోటితో చెప్పకండి, జాబ్ కార్డులో మీ మాటల్లోనే రాయించండి. "నార్మల్" అంటే నార్మల్ అని సంతకంతో అడగండి. వణికిన రోజూ వణకని రోజూ రెండూ రాసుకోండి. "మీ డ్రైవింగ్ స్టైల్" అన్నవాడికి తాళాలు ఇచ్చి, మీరు పక్క సీట్లో కూర్చోండి.

గుడి ముందు నిమ్మకాయలమ్ముకునే ముసలామెను ఎగతాళి చేయడం తేలిక. షోరూములో ఏసీ కింద కూర్చుని "రుజువేది?" అని అడగడమే కష్టం. మనం అడగాల్సింది అక్కడ కూడా.