వందన సమర్పణ మాత్రమేనా?

మన కళాశాల వార్షికోత్సవ ఆహ్వాన పత్రికలు పాతవి ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. మొదటి పంక్తి ప్రార్థన, కుమారి ఫలానా. చివరి పంక్తి వందన సమర్పణ, కుమారి ఫలానా. నడుమ అధ్యక్షోపన్యాసం, వార్షిక నివేదిక, ముఖ్య అతిథి ప్రసంగం అన్నీ శ్రీయుతులవే. పూలగుచ్ఛం అందించడానికి మళ్ళీ మేమే కావాలి. వందన సమర్పణ వేళకు షామియానా కింద సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్ళ చూపంతా టిఫిను పొట్లాల మీద. అయినా "మా ఆడపిల్లలు మాట్లాడరండీ, ఛాన్సు ఇస్తే వెనక్కి పోతారు" అనడం అందరికీ అలవాటైపోయింది.

ఈ మాట ఎంతవరకు నిజమో ఆలోచించవలసి ఉంది.

మాది అహోబిలం కొండల దిగువన, ఆళ్ళగడ్డకు దగ్గరలో ఒక పల్లె. పదవ తరగతిలో ఆగస్టు పదిహేనున నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడమన్నారంటే, ఒక అయ్యవారు నాలుగు పేజీలు రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. మైకు స్టాండు ఎవరో పెద్దమనిషి ఎత్తుకు నిలిపి ఉన్నది. దించవలెనని ఎవరికీ తోచలేదు, దించమనడానికి నాకు నోరు రాలేదు. మునివేళ్ళ మీద నిలబడి "గౌరవనీయులైన" అన్నాను. ఆ తరువాత ఏముందో ఈనాటికీ నాకు గుర్తు లేదు. వెనుక వరుసలో ఈల. వేదిక మీద ఒక పెద్దాయన మైకు అందుకొని, "పాపం ఆడపిల్ల, చప్పట్లు కొట్టండి" అన్నారు. ఈల కన్నా ఆ చప్పట్లే నాకు ఎక్కువ గుచ్చుకున్నాయి.

ఇంటికి పోతే మా జేజి, "నల్గురిలో నీకెందుకు పాపా, గమ్మునుండాల్సింది" అన్నది.

ఈ మాటన్న జేజి ఎవరనుకున్నారు? సంతలో మిరపకాయల వ్యాపారిని బేరంలో మూడుచెరువుల నీళ్ళు తాగించిన మనిషి. కనుమనాడు మొదలై సుమారు 40 రోజులపాటు అహోబిలం స్వామి పారువేటకు పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెండ్లికి జనాన్ని తానే పిలుచుకోవడానికి వస్తాడని మా వైపు నమ్మకం. పల్లకీ మా ఊరు చేరిన రాత్రి, అరుగు మీద కూర్చొని చెంచులక్ష్మి కథ చెప్పేది మా జేజే. చుట్టూ యాభై అరవై మంది, అందులో మగవాళ్ళు సగం. స్వామి గొంతు వేరు, చెంచుపిల్ల గొంతు వేరు. కాగితం లేదు, మైకు లేదు, మతిమరుపూ లేదు. ఆ కథలో కూడా చూడండి, వేటకు వచ్చిన దేవుడు మనసుపడితే ఆ పిల్ల తల వంచుకొని ఊరుకోదు. అడవిలో బతకడానికి నీకేం పనులొచ్చునని నిలదీసి, పరీక్ష పెట్టి మరీ ఒప్పుకుంటుంది. అటువంటి పెళ్ళికూతురిని ఏటేటా పూజించే ఊళ్ళో, నల్గురిలో ఆడపిల్లకు మాటలెందుకని అనుకుంటూనే ఉన్నాము!

కాబట్టి మాకు లేనిది నాలుక కాదు. అరుగు మీద జేజిని వినేవాళ్ళు కథ కోసం వింటారు. వేదిక మీద ఆడపిల్లను వినేవాళ్ళు ఆమె ఓణీని, వణుకునూ చూస్తారు. చూచినది సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. మా భయం అది.

"మీ ఆళ్ళగడ్డలోనే ఆడవాళ్ళు ఎమ్మెల్యేలయ్యారు గదా" అని మిత్రులంటారు. నిజమే. శోభా నాగిరెడ్డి గారు 1997 ఉప ఎన్నికలో మొదటిసారి గెలిచి, ఆ తరువాత పలుమార్లు శాసనసభకు వెళ్ళారు. 2014 ఏప్రిల్‌లో రోడ్డు ప్రమాదంలో మరణించాక కూడా ఓటర్లు ఆమెనే గెలిపించారు. తరువాత ఆమె కుమార్తె ఎమ్మెల్యే, మంత్రి అయ్యారు. అంత మంది మగవాళ్ళ నడుమ ఒక స్త్రీ మైకు పట్టి మాట్లాడడం కళ్ళారా చూడడం మా వీధి ఆడపిల్లలకు చిన్న సంగతి కాదు. కాని అది రాజకీయం పుట్టి పెరిగిన ఇల్లు. ఇంట్లో తండ్రి ముందు నోరు విప్పడానికే జంకే పిల్లకు ఆ ధైర్యం చూస్తే వస్తుందా? పంచాయతీల సంగతీ అంతే. 73వ రాజ్యాంగ సవరణతో 1993 నుంచి స్త్రీలకు మూడవ వంతు స్థానాలు వచ్చాయి, మన రాష్ట్రంలో 2011లో చట్టం దానిని సగానికి పెంచింది. ఎన్నో ఊళ్ళలో సర్పంచమ్మ కుర్చీలో కూర్చుంటుంది, ప్రశ్నకు జవాబు ఆమె భర్త చెబుతాడు. రిజర్వేషను కుర్చీ దాకా వచ్చింది, మైకు దాకా రాలేదు.

ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది మరి? 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది పన్నెండేళ్ళు కూడా నిండని దుర్గాబాయి. వక్తృత్వ పోటీలో కప్పు కొట్టిన పిల్ల కాదామె. దేవదాసీ స్త్రీలకు గాంధీ మాట వినిపించాలని పట్టుబట్టి సభ ఏర్పాటు చేయించిన పిల్ల. పని చేతిలో ఉన్నది, మాట దాని వెంట వచ్చింది. తరువాత రాజ్యాంగ సభలో మాట్లాడిందీ ఆ గొంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ళకు ఉపన్యాసం ఎవరూ రాసివ్వలేదు. ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్ళకు తెలుసు, అంతే.

పెద్దవాళ్ళ పక్కన చెప్పుకోదగినది కాకపోయినా, నా సంగతీ ఒకటున్నది. ఇంటరు చదివే రోజుల్లో ఒక హాస్టలులో పదకొండు కుళాయిలకు మూడే పనిచేసేవి. మీటింగులో "ఎవరికైనా ఇబ్బందులున్నాయా?" అని లాంఛనంగా అడిగితే లేచి నిలబడ్డాను. కాళ్ళు వణికాయి, గొంతూ వణికింది. కాని ఏ కుళాయి ఎప్పటి నుంచి చెడిందో వరుసగా చెప్పాను, ఒక్కటీ మరచిపోలేదు. బట్టీ పట్టింది కాదు గదా మరచిపోవడానికి! నెల తిరక్కుండా ఏడు కుళాయిలు బాగయ్యాయి. ఒకటి బాగు కాలేదు, అది వేరే కథ.

అందుచేత సంఘం వారికి నా మనవి. వక్తృత్వ పోటీలు పెట్టండి, కప్పులు ఇవ్వండి, వద్దనను. కాని సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివినప్పుడు ఒక్క ఆడపిల్లయినా లేచి "ఈ ఖర్చు ఎందుకైంది?" అని అడిగేటట్లు చేయండి. శనివారం సాయంత్రం ఒక గంట ఏదో ఒక క్లాసు రూములో కూడుదాం. బహుమతి వద్దు, రాసుకొచ్చిన కాగితం వద్దు. మగపిల్లలూ రావాలి. మాలో మేము మాట్లాడుకోవడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. మీ ఎదుట మాట్లాడడమే అలవాటు కావాలి. వినడం మీకూ అలవాటు కావాలి. ఈల వేసినవాణ్ణి పక్కన కూర్చున్న స్నేహితుడే ఊరుకోబెట్టాలి గాని, వేదిక మీది లెక్చరరు గారు కాదు. మైకు స్టాండుకు మర ఉంటుంది, తిప్పితే దిగుతుంది.

ఈ ఏడు వార్షికోత్సవంలో వందన సమర్పణ నాకు కేటాయించారు. "అన్నా, అది నువ్వు చెప్పు, వార్షిక నివేదిక నేను చదువుతా" అని కార్యదర్శిని అడిగాను. ఆయన నవ్వి, "వందన సమర్పణ ఆడపిల్లలు చెబితేనే అందంగా ఉంటుంది చెల్లెమ్మా, అయినా చూస్తాలే" అన్నారు. ఈ వ్యాసం ప్రెస్సుకు పోయేనాటికి ఆహ్వాన పత్రిక ఇంకా అచ్చు కాలేదు.