రాత్రయినా పడమటి గోడ వేడి ఎందుకు తగ్గదు?

సాయంత్రం ఏడింటికి పడమటి గోడపై లోపలివైపు చేయి పెట్టి చూడండి. పగలు పీల్చుకున్న ఎండను అది అప్పుడు గదిలోకి వదులుతుంటుంది. మీ ఏసీ కరెంటులో కొంత దానికే పోతుంది. 'తొమ్మిదంగుళాల ఇటుక గోడ చల్లన' అన్నది సగమే నిజం. మందం వల్ల వేడి ఆలస్యమవుతుంది కానీ ఆగదు. ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాక్ గోడలో సన్నటి గాలి బుడగలుంటాయి కాబట్టి వేడి అందులో సగంకన్నా తక్కువే దాటుతుంది.

కేంద్రం 2018లో తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' గోడలు, కిటికీల నుంచి వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి పెట్టింది. దాని పేరు ఆర్‌ఈటీవీ. బ్రోచర్లలో క్లబ్‌హౌస్ ఫొటోలుంటాయి, ఈ అంకె ఎక్కడ? అడ్వాన్స్ ఇచ్చేముందే బిల్డర్‌ను అడగండి. చివరి అంతస్తు కొంటుంటే మాత్రం ముందు శ్లాబు సంగతి తేల్చుకోండి.