కొత్త ట్యాబ్ కొనుడా, ఆగుడా?

మార్కెట్ల కొత్త ట్యాబ్ దిగంగనే "అన్నా, కొనాల్నా?" అని తమ్ముళ్లు అడుగుతరు. నేను ఆకాశ్ ముచ్చట చెప్త. మన హైదరాబాద్‌లనే బిగించిన అగ్గువ ట్యాబ్ అది. 2011 అక్టోబర్ 5న కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీల విడుదల చేసిండు. 256 ఎంబీ ర్యామ్. సిమ్ లేదు, వైఫై ఉంటేనే నెట్టు. వైఫై లేని ఊరి పిల్లలకు అదేం అక్కెరకొస్తది? 2012 నవంబర్‌ల ఆకాశ్-2 వచ్చింది, ర్యామ్ 512 ఎంబీ. ఏడాదికే మొదటిది పాతగయ్యింది.

గందుకే ధర ఒక్కటే జూడకుర్రి. సిమ్ పడుతదా? అప్‌డేట్లు ఎన్నేండ్లు ఇస్తరు? తెర పగిలితే జిల్లాల బాగుచేసేటోళ్లున్నరా? కిస్తీలన్నీ కలిపితే ఎంతైతది? గ్రూప్స్‌కు చదివేటోళ్లకు పెద్ద తెర మంచిదే. కానీ ఈ నాలుగింటికి జవాబు దొరికేదాంక ఆగుర్రి. పత్తి అమ్మిన పైసలు మల్లా పంటకే వస్తయి.