లాభాంశమే కొలబద్దయా?

మిగులుపైకమును మనవారు పూర్వము భూమిమీదను బంగారముమీదను పెట్టెడివారు. నేడు పట్టణములందేగాక పల్లెలందును బ్యాంకుల వాటాలు కొనువారు పెరిగినారు. ఇది మెచ్చదగిన మార్పే. అయితే వీరిలో పెక్కుమంది, హెచ్చు లాభాంశ మిచ్చు బ్యాంకే మంచి బ్యాంకని తలంచుచున్నారు. ఈ తలంపునందలి యపాయమును దెలుపుట మా విధి.

మొదటి పొరపాటు లెక్కలోనే యున్నది. నూటికింత యని బ్యాంకు ప్రకటించు లాభాంశము వాటా ముఖవిలువపై గట్టినది. ముఖవిలువ 10 రూపాయలైనచో నూటికి 20 చొప్పున చేతికి వచ్చునది 2 రూపాయలు. ఆ వాటాను 100 రూపాయలకు గొన్నవానికి రాబడి నూటికి రెండే. 2020 ఏప్రిలు మొదలు ఆ సొమ్ము పుచ్చుకొనువాని యాదాయమున జేరి పన్నునకు గూడ లోనగుచున్నది.

రెండవ పొరపాటు మరింత సూక్ష్మమైనది. 100 రూపాయల వాటాపై 4 రూపాయలు వచ్చుచుండగా ధర 50 రూపాయలకు దిగిన దనుకొందము. రాబడి నూటికి 8కి పెరిగినట్లు కన్పట్టును. బ్యాంకు మాత్రము దమ్మిడీ యెక్కువ యియ్యలేదు. ఆ బ్యాంకు భవిష్యత్తును బజారు శంకించినది, అంతియే.

ఆ శంక యొక్కొక్కప్పుడు నిజమగును. కరూరులో 1926లో వెలసిన లక్ష్మీ విలాస్ బ్యాంకు మొండిబాకీలతో క్రుంగి, 2020 నవంబరులో డి.బి.ఎస్. బ్యాంకు ఇండియాలో కలిసిపోయినది. డిపాజిట్లు నిలిచినవి, వాటాదారుల మూలధన మంతయు కొట్టివేయబడినది. అంతకుముందు వారెంత లాభాంశ మందుకొన్నను అసలే పోయిన పిదప దానివలన నేమి ఫలము? ఆ యేడే ఏప్రిలు 17వ తేదీని, మహమ్మారి కారణముగా, గడచిన సంవత్సరపు లాభములనుండి ఇక లాభాంశము పంచరాదని రిజర్వు బ్యాంకు సకల బ్యాంకులకును ఉత్తరువిచ్చినది. లాభాంశము కౌలువంటిది కాదు; ఏటేట వచ్చి తీరునను కరారు దానికి లేదు.

మన ప్రాంతపు బ్యాంకు గదా యను నభిమానముతో కొనువారును గలరు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరునందు స్థాపించిన ఆంధ్రా బ్యాంకుపై మాకును అట్టి యభిమానమే కలదు. అయినను 2020 ఏప్రిలు 1వ తేదీని అది యూనియన్ బ్యాంకులో లీనమైనపుడు 1000 వాటాలు గలవారికి 325 వాటాలే లభించినవి. అభిమానము వేరు, లెక్క వేరు.

మరి చూడవలసిన దేమి? లాభములో ఎంత పంచినది, ఎంత నిలువ నుంచినది. మొండిబాకీలు తగ్గుచున్నవా, పెరుగుచున్నవా. మూలధనము అప్పులకు దీటుగ నున్నదా? ఇవి యొక యేటివి చాలవు, అయిదారేండ్లవి చూడవలయును. 2005లో రిజర్వు బ్యాంకు చేసిన నియమముల భావమును నిదియే. నికర మొండిబాకీలు నూటికి 7కు లోపున లేని బ్యాంకు లాభాంశ మియ్యరాదనియు, ఎంత దిట్టమైన బ్యాంకైనను లాభములో నూటికి 40 పాళ్లకు మించి పంచరాదనియు అది యప్పుడు శాసించినది.

విత్తనములకు మిగుల్పక గాదె యూడ్చి పంచిపెట్టు కాపును జూచి, ఉదారుడని యెవరును తమ పొలము నతనికి కౌలున కియ్యరు. పొలము విషయమున జూపు నీ వివేకమునే మనవారు బ్యాంకు వాటాల విషయమునను జూపుదురు గాక.