సీసాలకూ స్టాక్ రిజిస్టర్ పెట్టండి

నేను చదివింది తెలుగు మీడియం కాదు. తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నది. రాతలో తప్పుంటే మన్నించండి, విషయాన్ని మాత్రం వదిలిపెట్టకండి.

మొన్న మన పేటలోనే ఒక గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో అద్దాల షోకేసు, లోపల లైట్లు, ముప్పై వైన్ సీసాలు. "కాకా, ఇది నా కలెక్షన్" అన్నాడు కుర్రవాడు. ఇందులో తాగినవెన్ని నాయనా అంటే నవ్వి ఊరుకున్నాడు.

వైన్ పాపమని చెప్పడానికి రాయడం లేదు. మన జిల్లాలోనే, అక్లూజ్ దగ్గర, ఫ్రాటెల్లి వాళ్ల ద్రాక్ష తోటలున్నాయి. నేనూ ఇష్టంగా కొన్నవాడినే. నా గొడవ కొనడానికీ తాగడానికీ లెక్క కుదరకపోవడం గురించి.

వైన్ నిలవుంచాలంటే 12, 13 డిగ్రీల చల్లదనం ఏడాది పొడుగునా ఉండాలి. మన సోలాపూర్‌లో మే నెలలో 40 దాటుతుంది. పైన రేకులు, పక్కన మగ్గాల వేడి. అక్కడ షోకేసులో లైటు కింద నిలబెట్టిన సీసా రెండు ఎండాకాలాలకు ఏమవుతుంది? పైగా అంగట్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం ఒకటి రెండేళ్లలో తాగెయ్యడానికి చేసినవే. పాతబడితే రుచి పెరుగుతుందన్న మాట కొన్నింటికే చెల్లుతుంది. కార్ఖానాలో అమ్ముడుపోని చాదర్లు పేరుకుంటే దాన్ని ఎవరైనా కలెక్షన్ అంటారా? ఇరుక్కుపోయిన డబ్బు అంటాం.

ఇక నా తప్పు చెబుతాను. రిటైరయిన కొత్తలో పద్నాలుగు సీసాలు కొని బీరువాలో దాచాను, మంచి రోజు కోసం. ఆ మంచి రోజున తీస్తే మొదటి సీసా పులిసిన వాసన. మిగతావి కూడా పాడవుతాయని భయపడి రోజూ ఒకటి తీయడం మొదలుపెట్టాను. వారం తర్వాత మా ఆవిడ ఒకటే అడిగింది: "పాడయ్యేది సీసా ఒక్కటేనా?" నా దగ్గర జవాబు లేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తాగకుండా దాస్తే డబ్బు పోతుంది. కొన్నాం కదా అని తాగితే మనిషే పోతాడు. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. తాగుడు వల్ల మగ్గం అమ్ముకున్న ఇళ్లు మన పేటల్లో లేవా? ఆ ఇళ్లను బీడీలు చుట్టి నిలబెట్టింది మన ఆడవాళ్లు కాదా? ఒక సీసా ధర రావాలంటే ఎన్ని వేల బీడీలు చుట్టాలో షోకేసు ముందు నిలబడి లెక్క వేయండి.

రైల్వేలో మాకు స్టాక్ రిజిస్టర్ ఉండేది. పాత నిల్వ, వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. అదే ఇక్కడా పెట్టండి. కొన్న తేదీ, ధర, తీసిన తేదీ రాయండి. ఏడాదికి ఎన్ని పండగలు, ఎందరు చుట్టాలు, ఎన్ని సీసాలు తీస్తారో ముందు తేల్చుకోండి. ఆరైతే ఆరే కొనండి. ఒకటి ఖాళీ అయ్యాకే ఇంకొకటి. 750 మిల్లీలీటర్ల సీసా ఐదుగురికి తలా ఒక గ్లాసు వస్తుంది. ఐదుగురు కూర్చున్న రోజే తీయండి, ఒంటరిగా తీయకండి. తాగనివాళ్లు అసలు మొదలుపెట్టకండి, వాళ్ల రిజిస్టరే అన్నిటికంటే మేలు.

కోపం వచ్చినవాళ్లు కింద నన్ను తిట్టండి, పరవాలేదు. ముందు బీరువా తెరిచి లెక్కపెట్టి, ఆ అంకె రాసి తిట్టండి.