ఆటలో మన పాత్ర

మన శిక్షణా శిబిరాల్లో ఆట అంటే భోజనాల తర్వాత నిద్రమత్తు వదిలించే ఉపాయం. నేనూ ఎన్నోసార్లు అలాగే ఆడించాను. అమెరికన్ ఆటల రూపకర్త బ్రెండా రొమేరో 2009లో చేసిన ‘ట్రెయిన్’ గురించి తెలిశాక ఆ అలవాటు మీద అనుమానం పుట్టింది.

అందులో పసుపుపచ్చ బొమ్మల్ని రైలు పెట్టెల్లో కుక్కి పట్టాల చివరికి చేర్చాలి. పట్టాలు పరిచింది పగిలిన కిటికీ అద్దం మీద. అదెందుకో అడగాలని చాలామందికి తోచదు. రైలు చేరాక చీటీ తిప్పితే ఆష్విట్జ్ వంటి నాజీ శిబిరం పేరు కనబడుతుంది. అప్పటిదాకా గెలుపు కోసం పోటీపడ్డ చేతులవి! ఎవరూ బలవంతపెట్టలేదు. నిబంధన ఉంది, పాటించారు.

కట్నం మీద మనం గంటల తరబడి మాట్లాడతాం. విన్నవాళ్ళు తలూపి, ఆ అత్తగారు తాము కాదనుకుని ఇళ్ళకు వెళతారు. పెళ్ళిచూపుల్నే ఆటగా మార్చి, అమ్మాయికి మార్కులు వేయమంటే? వేస్తారనే నా భయం. నేనూ వేస్తానేమో.

అయితే, హింస నుంచి బయటపడి మన దగ్గరికొచ్చిన స్త్రీని ఆట పేరుతో మళ్ళీ మోసగించే హక్కు మనకు లేదు. అందుకే ఇలాంటివి ముందు కార్యకర్తలమే, తలుపులు వేసుకుని, మనలో మనం ఆడి చూడాలంటాను.