ఆట కంపెనీది, ప్రేక్షకులు ఎవరివాళ్లు?

భువనగిరి కోట గుట్టకు ఎదురుగా ఒక ఇంటి మేడ మీద రేకుల గది. రాత్రి తొమ్మిది దాటాక డిగ్రీ రెండో ఏడాది చదివే అబ్బాయి ఒకడు అక్కడ కూర్చుంటాడు. బొటనవేళ్లకు చెమట అంటకుండా గుడ్డ తొడుగులు. ఎదురుగా చిన్న టేబుల్ ఫ్యాను. ఆ గాలి అతనికి కాదు, చేతిలోని ఫోనుకు. ఫోను వేడెక్కితే ఆట ఆగి ఆగి నడుస్తుంది. పక్కన పగిలిన అద్దంతో ఇంకో పాత ఫోను, లైవ్‌లో వచ్చే చాట్ చదవడానికి.

నిరుటిదాకా అతను నలుగురి స్క్వాడ్‌లో ఆడేవాడు. కాలేజీ నుంచి రాగానే స్క్రిమ్స్ అనే ప్రాక్టీసు మ్యాచ్‌లు, రాత్రి టోర్నమెంటు. ఇప్పుడు స్క్వాడ్ వదిలేసి లైవ్ మీదే కూర్చున్నాడు. ఎందుకని అడిగాను. “లాబీల పదహారు టీములుంటే గెలిచేది ఒక్కటే గద సార్. లైవ్‌ల ఓడిపోయినా చూస్తరు” అన్నాడు.

ప్రపంచమంతటా పేరున్న ఆటగాళ్లు పోటీలు వదిలి స్ట్రీమింగ్‌కు ఎందుకు మళ్లుతున్నారో ఇంతకన్నా సూటిగా చెప్పినవారిని నేను చూడలేదు. గెలుపు మీద బతికేవాడికి ఏడాదికి నాలుగు మంచి రోజులుంటే ఎక్కువ. చూసేవాళ్ల మీద బతికేవాడికి ప్రతి రాత్రీ ఒక అవకాశమే.

ఈ దారిలో అందరూ తలుచుకునే పేరు కెనడాకు చెందిన మైకేల్ గ్రెజెసిక్. ఆటలో పేరు ష్రౌడ్. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకీ ఆటలో క్లౌడ్ నైన్ జట్టు తరఫున మూడేళ్లు ఆడాడు. 2016 అక్టోబరులో సావో పాలోలో ఆ జట్టు ఈఎస్ఎల్ ప్రో లీగ్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. 2017 ఆగస్టులో తుది జట్టు నుంచి తప్పుకున్నాడు. ఆరు నెలలు తిరగకుండానే, 2018 జనవరిలో, అదే క్లౌడ్ నైన్ బోస్టన్‌లో మేజర్ అనే అతిపెద్ద టోర్నమెంటు గెలిచింది. ఉత్తర అమెరికా జట్టు ఒకటి మేజర్ గెలవడం అదే మొదటిసారి. ఒక ఆటగాడు జీవితమంతా ఎదురుచూసే కప్పు అది. అది చేతికందే వేళకు ఆయన జట్టులో లేడు. అయినా వెనక్కి వెళ్లలేదు. ఏప్రిల్‌లో పూర్తిగా రిటైరై, రోజూ ట్విచ్ అనే లైవ్ వేదికలో ఆడి చూపించడమే వృత్తిగా పెట్టుకున్నాడు. దీన్ని తప్పించుకుపోవడం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కప్పు పోయినా చలించలేదంటే, తన బతుకు దేని మీద నిలబడుతుందో ముందే లెక్క చూసుకున్నాడని అర్థం.

ఆ లెక్క మన దేశంలో ఇంకా కఠినమైనది. కబడ్డీకి యజమాని లేడు. ఏ కంపెనీ మూతపడినా మన ఊరి బడి గ్రౌండులో సున్నం గీత గీసి కూత పెట్టొచ్చు. వీడియో గేమ్ అలా కాదు. దానికి యజమాని ఉంటాడు, సర్వర్ ఉంటుంది, ప్రభుత్వ అనుమతి ఉంటుంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ మొబైల్ అందులో పోయింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. 2022 జులైలో ప్లే స్టోర్ నుంచి మాయమైంది. 2023 మే చివర తిరిగొచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే మరో ఆటా పోయింది. ఆ ఆటల మీదే ఏళ్ల తరబడి చేతులు అరగదీసుకున్న కుర్రాళ్లకు ప్రతిసారీ ఒక్క పూటలో మైదానమే లేకుండా పోయింది.

ఆ కాలంలో తట్టుకున్నవాళ్లు ఎవరు? అప్పటికే తమను చూసేవాళ్లను సంపాదించుకున్నవాళ్లు. మోర్టల్‌గా పేరుపడ్డ నమన్ మాథుర్ 2019లో సోల్ జట్టుతో దేశస్థాయి పబ్‌జీ మొబైల్ టోర్నమెంటు గెలిచి, అదే ఏడాది బెర్లిన్ దాకా వెళ్లి ఆడాడు. తర్వాత అతని బలం ట్రోఫీలు కాదు, యూట్యూబ్‌లో కూర్చున్న లక్షల మంది. ఆట ఆగిపోయినప్పుడు అతనిలాంటివాళ్లు వాలరెంటో, జీటీఏనో, వేరే ఆట తెరిచారు. జనం వెంటే వచ్చారు, ఎందుకంటే వాళ్లు వచ్చింది తుపాకీ కోసం కాదు, మనిషి కోసం.

అయితే స్ట్రీమర్ సొంత ఇంట్లో ఉంటున్నాడని అనుకోకూడదు. అదీ అద్దె ఇల్లే. 2019 అక్టోబరులో ష్రౌడ్‌ను మైక్రోసాఫ్ట్ తన మిక్సర్ వేదికకు తెచ్చుకుంది. 2020 జులై 22న మిక్సరే మూతపడింది. ఆయన ట్విచ్‌కు తిరిగొచ్చాడు. అంత పేరున్నవాడు కాబట్టి తలుపు తెరిచే ఉంది. మన రేకుల గది కుర్రాడికి అలా తెరుచుకోదు. యూట్యూబ్ ఒక్క నిబంధన మార్చినా అతని నెల తలకిందులవుతుంది. 2025 జులైలో, ఒంటరిగా లైవ్ పెట్టాలంటే కనీస వయసును 13 నుంచి 16కు పెంచింది. పిల్లల క్షేమానికి అది మంచి మార్పే. కానీ దాన్ని ఆడేవాళ్లు గానీ చూసేవాళ్లు గానీ నిర్ణయించలేదు.

ఇక్కడ మన తల్లిదండ్రుల్లో బలపడిన ఒక మాట గురించి చెప్పాలి. ఆట చేతకానివాడే కెమెరా ముందు కూర్చుంటాడని. దీనికి జవాబు మన దగ్గర్లోనే ఉంది. భువనగిరి మీదుగా పోయే హైవే మీద గానీ, రైలు మార్గంలో గానీ ముందుకు పోతే వచ్చే ఓరుగల్లు బిడ్డ ఇరిగేశి అర్జున్. చదరంగంలో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడు. 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో తొలిసారి చెస్‌ను చేర్చారు. అర్జున్ కొరియాకు చెందిన జెన్.జి జట్టు జెర్సీ తొడుక్కుని ఆడాడు. సెమీఫైనల్ దాకా వచ్చాడు. మూడో స్థానం పోరులో అతన్ని ఓడించింది హికారు నకమురా. లాక్‌డౌన్ రోజుల నుంచి స్ట్రీమింగే తన ముఖ్య వృత్తి చేసుకున్న మనిషి. రోజూ వేలమంది ముందు మాట్లాడుతూ బ్లిట్జ్ అనే వేగపు చెస్ ఆడేవాడు మన అర్జున్‌నే ఓడించాడంటే, కెమెరా ముందు కూర్చుంటే ఆట మొద్దుబారుతుందన్న మాట నిలవదు.

కానీ ఆ ఉదాహరణను మన పిల్లలు సగమే చూస్తున్నారని నా భయం. నకమురా అయిదుసార్లు అమెరికా చాంపియన్ అయ్యాకే పూర్తిగా కెమెరా వైపు తిరిగాడు. జనం వచ్చింది ఆ చేతిని చూడటానికి. పైగా చెస్ బోర్డు మీద వయసు ప్రభావం తక్కువ. తుపాకీ ఆటల్లో రెప్పపాటు వేగమే సర్వస్వం. 2022లో ష్రౌడ్ సెంటినల్స్ జట్టుతో వాలరెంట్ పోటీకి తిరిగొచ్చినప్పుడు లక్షల మంది ఆశగా చూశారు. ఆ జట్టు అర్హత పోటీలోనే ఆగిపోయింది. కాబట్టి పోటీలో తలపడకుండానే, తన ఆట ఎంతటిదో తనకే తెలియకుండానే, ఇంటర్‌లో పుస్తకాలు మూసి లైవ్ మొదలుపెట్టే పిల్లవాడిని చూస్తే నాకు బెంగగా ఉంటుంది. అతను పెట్టుబడి లేకుండా దుకాణం తెరుస్తున్నాడు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. చూసేవాళ్లను పోగేసుకున్నవాడి దగ్గరికి మొదట వచ్చే బేరగాడు ఎవరు? చాలాకాలం బెట్టింగ్ యాప్‌వాళ్లు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద సినిమావాళ్లతో పాటు యూట్యూబర్ల మీదా కేసులు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. ఈస్పోర్ట్స్‌ను క్రీడగా ఒకవైపు నిలబెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆటలను పూర్తిగా నిషేధించింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఈ గీత గీయడం నాకు సంతోషమే. “అన్నా” అని పిలిచే పద్నాలుగేళ్ల పిల్లవాడిని ఒక యాప్‌కు అమ్ముకోవడం కన్నా నీచం లేదు.

కానీ గీత గీసి వదిలేస్తే చాలదు. క్రీడగా గుర్తింపు జట్టులో ఆడేవాడికి దక్కింది. జట్టు వదిలి స్ట్రీమింగ్‌కు మళ్లినవాడు ఆటగాడా, కళాకారుడా, చిన్న వ్యాపారా అన్నది తేలలేదు. ఈస్పోర్ట్స్ సంస్థలు ఇరవై ఏళ్ల కుర్రాడి ముందు పెట్టే కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉంటుంది. చానల్ ఎవరి పేరు మీద ఉంటుంది, బయటికి వస్తే సబ్‌స్క్రైబర్లు ఎవరికి మిగులుతారు అన్నది అందులోనే ఉంటుంది. చదివి చెప్పే దిక్కు జిల్లా కేంద్రాల్లో లేదు. ఇదే కోట రాతి మీద తాడు కట్టుకుని ఎక్కడం నేర్చిన మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి వెనక గురుకులం ఉంది, శిక్షకుడు ఉన్నాడు. రేకుల గదిలో ఫ్యాను తప్ప ఎవరూ లేరు.

మొన్న నేను కూర్చున్న రాత్రి లైవ్‌లో పదకొండు మంది ఉన్నారు. అబ్బాయి తెలుగులో ఆగకుండా మాట్లాడుతున్నాడు, దిగిన చోటు ఎందుకు తప్పో, జోన్ ఎటు ముడుచుకుంటుందో, పక్కింటివాడికి చెప్పినట్టు. ఇంతలో గాలివాన. కరెంటు పోయింది, వైఫై పోయింది. దాదాపు ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాం. కింది నుంచి వాళ్లమ్మ “తిని పడుకోరాదురా” అని పిలిచింది. కరెంటు రాగానే పాత ఫోనులో చాట్ తెరిచాడు. తొమ్మిది మంది ఇంకా అక్కడే ఉన్నారు. “వాన పడ్తుందా అన్నా మీ దిక్కు” అని ఒకరు అడిగి పెట్టారు.